ఫెరెట్టుల అధివృక్క వ్యాధి: పరీక్షల ఎన్నిక

ఫెరెట్టు తెలుగునాట కానవచ్చు జంతువు కాదు. తొలిసారి చూచినవారు దానిని ముంగిస యనుకొందురు. పొడవైన నడుము, పొట్టి కాళ్లు, కొనదేరిన మూతి చూచినవారికి ఆ భ్రమ కలుగుట సహజమే. కాని ముంగిసతో దానికి దగ్గఱి చుట్టఱికము లేదు. యానాము దాపున కోరంగి మడ అడవులలో చేపలు పట్టి బ్రదుకు నీటికుక్క యే కుటుంబములోనిదో, ఫెరెట్టును ఆ కుటుంబములోనిదే. ఐరోపాలోని పోల్‌కాట్ అను అడవి జంతువును రెండువేల సంవత్సరములకు పూర్వమే మచ్చిక చేసి, కుందేళ్లను బొరియలనుండి తఱుముటకు వాడుకొనిరి. 1933లో లండనునందలి శాస్త్రజ్ఞులు మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజా వైరసును మొదట వేఱుపఱచినది ఈ జంతువు సాయముననే. నేడు అమెరికాలోను ఐరోపాలోను ఇది పిల్లివలె, కుక్కవలె ఇంట పెరుగుచున్నది. ఆరేడేండ్లు బ్రదుకును, కిలో అటునిటుగా తూగును.

నడివయస్సు చేరిన పెంపుడు ఫెరెట్టులకు తఱచుగ కలుగు జబ్బులలో అధివృక్క గ్రంథుల వ్యాధి యొకటి. మూత్రపిండముల చేరువను, బియ్యపుగింజకన్న కొంచెము లావుగా, ఇరువైపుల రెండు గ్రంథులుండును. అందొకటి గాని రెండును గాని ఉబ్బి, లైంగిక హార్మోనులను మితిమీఱి స్రవించుటయే ఈ వ్యాధి. దీనిని నిర్ణయించుటకు రక్తపరీక్షలు, మూత్రపరీక్షలు, అల్ట్రాసౌండు చిత్రములు, ఎక్స్‌రేలు, కడకు పొట్ట కోసి చూచుట, ఇట్లు పెక్కు మార్గము లున్నవి. అన్నింటిని చేయించినచో ధనము వ్యయమగుటతో పోదు. కిలో బరువు గల ఫెరెట్టు దేహమున నుండునది సుమారు 60 మి.లీ. రక్తము. ఒక పర్యాయము అందు పదవవంతుకు మించి తీయరాదు. జబ్బుతో నీరసించిన దాని నుండి ఇంకను తక్కువయే తీయవలెను. పైగా సూది గ్రుచ్చుటకు, చిత్రము తీయుటకు తఱచుగ మత్తు ఈయవలసివచ్చును. మత్తు ఆవిరి పీల్చిన ఫెరెట్టు రక్తములో ఎఱ్ఱకణముల పాలు, ఉన్నదానికన్న తగ్గి కనబడును. కావున తీయు ప్రతి బొట్టునకు ముందు వైద్యుడును, పెంచువాడును వేసికొనవలసిన ప్రశ్న యొకటి యున్నది: ఈ పరీక్ష ఫలితము ఇట్లు వచ్చిన ఒక చికిత్సయు, అట్లు వచ్చిన మఱొక చికిత్సయు జరుగునా? జరుగనిచో ఆ పరీక్ష పెంచువారి మనశ్శాంతి కొఱకే గాని ఫెరెట్టు కొఱకు గాదు.

వ్యాధి ఏల పుట్టునో తెలిసినగాని పరీక్షల బాగోగులు బోధపడవు. ఆడ ఫెరెట్టు ఎదకు వచ్చినచో మగదానితో కలియువఱకు సామాన్యముగ ఆ ఎద దిగదు. వారములు, నెలలు గడచుచుండగా దేహమున ఈస్ట్రోజెన్ అను హార్మోను పేరుకొని, ఎముకలలోని మూలుగను దెబ్బతీయును. కొత్త రక్తము పుట్టక, జంతువు పాలిపోయి మరణించును. ఈ మరణమును తప్పించుటకును, మగవాని ఘాటైన వాసనను తగ్గించుటకును, బీజగ్రంథులను తొలగించు శస్త్రచికిత్స వాడుకలోనికి వచ్చినది. మన పల్లెలలో కోడెలకు విత్తులు కొట్టించుట వంటిదే యిది. అయితే కోడెకు కొంత వయస్సు వచ్చినపిదప కొట్టింతురు. అమెరికాలో అమ్మకమునకు పెంచు ఫెరెట్టులకు ఆరు వారముల ప్రాయముననే ఈ శస్త్రచికిత్స చేయుట పరిపాటి. ఐరోపాలో అంతకు పెక్కు నెలలు ఆగి చేయుదురు.

మెదడు క్రిందనున్న పీయూష గ్రంథి నుండి ల్యూటినైజింగ్ హార్మోను అను దూత బయలుదేఱి బీజగ్రంథులను ప్రేరేపించును. ఆ గ్రంథులు తమ హార్మోనులను విడుదల చేసి, ఇక చాలునని పీయూష గ్రంథికి తెలియజేయును. బీజగ్రంథులే లేనపుడు ఆ జవాబు పోదు. పీయూష గ్రంథి ఎడతెగక దూతను పంపుచునే యుండును. అధివృక్క వల్కలమును, బీజగ్రంథులును గర్భస్థ దశలో ఒకే ధాతుభాగము నుండి పుట్టినవి. అందుచేత ఆ వల్కలములోని కొన్ని కణములకును ఈ దూత మాట వినబడును. ఏండ్ల తరబడి విని విని అవి పెరుగును, పెరిగినవి గడ్డకట్టును, వానిలో కొన్ని పుట్టకురుపులగును. 2000వ సంవత్సరమున నెదర్లాండ్సు పరిశోధకులు ప్రకటించిన వ్యాసమున, శస్త్రచికిత్స జరిగిన నాటినుండి వ్యాధి కనబడు నాటికి సగటున మూడున్నర సంవత్సరములు పట్టుచున్నదని తేలినది. ఇంటిదీపముల వెలుతురున దీర్ఘమైన పగళ్లు గడపుటయు దీనికి తోడ్పడునేమో యను అనుమానము కలదు. ఏమైనను, ఒక మృత్యువునుండి కాపాడుటకు చేసిన మేలు మఱొక వ్యాధికి దారితీసినది.

పరీక్షల విషయమున మొదటి పొరపాటు పేరు వలన వచ్చినది. మనుష్యులలో అధివృక్క వల్కలపు అతిస్రావమును 1932లో హార్వీ కుషింగ్ వివరించెను. కుక్కలలోను ఆ వ్యాధి సాధారణము. అందు పెరుగునది కార్టిసాల్. 1987లో అమెరికా పశువైద్య పత్రికలో ఫెరెట్టును గూర్చిన వృత్తాంతము వెలువడినపుడు దానికిని అధివృక్క వల్కలాతిస్రావమను అదే పేరు పెట్టబడెను. పేరొకటే కనుక పరీక్షలును ఒకటే కావలెనని తలచి, కుక్కలకు చేయు రెండు పరీక్షలను ఫెరెట్టులకు చేయసాగిరి. ఒకటి, ఏ.సి.టి.హెచ్. అను హార్మోను సూది ఇచ్చి కార్టిసాల్ ఎంత పెరుగునో చూచుట. రెండవది, డెక్సామెథసోన్ ఇచ్చి ఎంత తగ్గునో చూచుట. ఫెరెట్టులో కార్టిసాల్ సాధారణముగా పెరుగదు. పెరుగునవి ఆండ్రోస్టీన్‌డయోన్, ఈస్ట్రడయోల్, 17-హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ అను లైంగిక హార్మోనులు. తోక మొదలునుండి మెడవఱకు వెండ్రుకలు రాలిన జంతువు ఈ రెండు పరీక్షలలోను ఆరోగ్యవంతమని తేలవచ్చును. రసాయనశాల తప్పు చేయలేదు. దానిని అడిగిన ప్రశ్న కుక్కకు సంబంధించినది. ఈ రెండు పరీక్షలు ఫెరెట్టులకు చేయనక్కఱలేదని ధైర్యముగ చెప్పవచ్చును.

మూత్రములో కార్టిసాల్‌కును క్రియాటినిన్‌కును గల నిష్పత్తిని కొలుచుట మఱొక పద్ధతి. ఈ వ్యాధి గల ఫెరెట్టులలో ఆ నిష్పత్తి హెచ్చుగా నున్నదని 1993లో చెప్పిరి. రక్తము తీయనక్కఱలేదు గనుక ఇది ఆకర్షణీయముగ దోచినది. కాని బీజములు తీయని ఆరోగ్యవంతమైన ఫెరెట్టులలోను ఎద కాలమున అది హెచ్చునని తరువాత నెదర్లాండ్సులో కనుగొనిరి. ఇతర కారణములచేతను హెచ్చుటకు వీలున్నది. కావున దీనినిబట్టి వ్యాధి కలదనుట కష్టము.

అన్నింటికన్న మేలైన మొదటి పరీక్షకు యంత్రముతో పనిలేదు. వెండ్రుకలు తోక మొదట రాలనారంభించి, రెండు ప్రక్కల సమానముగ నడుముమీదికి, పొట్టమీదికి ప్రాకునా? బీజములు తీసిన ఆడదాని యోని ద్వారము ఎదకు వచ్చినదానివలె ఉబ్బియున్నదా? బీజములు తీసిన మగది మరల తోటివాని మెడ కఱచి ఈడ్చుచున్నదా, ఒకప్పటి వాసన తిరిగి వచ్చినదా? ఒడలు గోకుకొనుచున్నదా? గోకుట ఒక్కటే యున్నచో వెండ్రుకలలో దాగి రక్తము పీల్చు పురుగులను ముందు వెదకవలెను. తోక ఒక్కటే బోడియై, కొన్ని నెలలకు తానై వెండ్రుకలు మొలచినచో అది ఋతువునుబట్టి వచ్చి పోవు చిన్న వికారము కావచ్చును. శస్త్రచికిత్స ఏ వయస్సున జరిగినది, ఇప్పటి వయస్సెంత, ఈ మార్పులు ఏ క్రమమున వచ్చినవి అను మూడు సంగతులు పెంచువారు తేదీలతో వ్రాసి తెచ్చినచో వైద్యుని పని సగము తీఱును. మూడేండ్లు దాటిన, చిన్ననాటనే బీజములు తీసిన ఆడ ఫెరెట్టుకు యోని ద్వారము ఉబ్బి, నడుము బోడియైనచో ఏ పరీక్షయు చేయకముందే వ్యాధి దాదాపు నిశ్చయమైనట్లే. అట్టిదానికి రక్తములో హార్మోనులు హెచ్చుగా వచ్చినను కొత్తగా తెలిసినది స్వల్పము. హెచ్చుగా రానిచో ఎవ్వరును ఆ ఫలితమును నమ్మరు.

అట్లని హార్మోనుల కొలత వ్యర్థమనరాదు. పై మూడు లైంగిక హార్మోనులను ఒక్కచో కొలుచుట ఫెరెట్టులకు ప్రత్యేకించిన పరీక్ష. అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయపు ప్రయోగశాల దీనికి చిరకాలము పేరుపొందినది. మూడింటిలో ఏ ఒక్కటి హెచ్చినను అనుమానము బలపడును. లక్షణములు అరకొరగా నున్నపుడు, గోకుట మాత్రమే యున్నపుడు, ఈ కొలత నిజముగ ఉపకరించును. అయితే దీనికి మూడు హద్దులున్నవి. హార్మోనులు సామాన్యముగ నున్నంతమాత్రమున వ్యాధి లేదని చెప్పుటకు వీలులేదు. హెచ్చినను, ఆ హెచ్చు కుడి గ్రంథిదో యెడమదో తెలియదు. మూడవది అన్నింటికన్న ముఖ్యము: శస్త్రచికిత్సలో అండాశయపు తునక యేదేని లోపల మిగిలిపోయినచో, అదియు ఇవే హార్మోనులను స్రవించును. కాగితముమీద రెండును ఒకటే.

అండాశయపు తునకను వేఱుపఱచుటకు చవకైన యుపాయ మొకటి కలదు. యోని ద్వారము ఉబ్బి రెండు వారములైన పిదప, హెచ్.సి.జి. అను హార్మోనును 100 యూనిట్లు సూదిద్వారా ఇత్తురు. అండాశయపు తునక యున్నచో దాని అండము విడుదలయై, ఎద దిగి, వాపు తీయును. కారణము అధివృక్కమైనచో వాపు అట్లే యుండును. ఇట పరీక్షయు చికిత్సయు ఒకే సూదిలో నున్నవి. శస్త్రచికిత్స ఇటీవల జరిగిన పిన్న వయస్సు ఆడ ఫెరెట్టు విషయమున ఇది హార్మోనుల కొలతకన్న ముందు చేయదగినది. నాలుగేండ్లు నిండినదానికి అంత అవసరము పడదు. వాపు ఎంతకాలము నుండియున్నను, పాలిపోయిన చిగుళ్లు కనబడినచో ఎఱ్ఱకణముల లెక్క తప్పక చూడవలెను. మూలుగ దెబ్బతినుటకు ఈస్ట్రోజెన్ ఎక్కడినుండి వచ్చినను ఒకటే.

అల్ట్రాసౌండు చిత్రము సంగతి వేఱు. మనుష్యుని చెవికి వినబడని ధ్వనితరంగములను దేహములోనికి పంపి, అవి తిరిగి వచ్చు తీరునుబట్టి లోపలి అవయవముల ఆకారమును తెరమీద చూపు విధానమిది. హార్మోనుల కొలత చెప్పలేని సంగతిని, అనగా వ్యాధి ఏ వైపున నున్నదో, ఇది చెప్పును. 2007లో ప్రకటింపబడిన నెదర్లాండ్సు పరిశీలన ప్రకారము గ్రంథి మందము 3.9 మి.మీ. మించుట, గ్రంథి గుండ్రనగుట, లోపలి పోగు ఎగుడుదిగుడుగా నుండుట, తెల్లని సున్నపు చుక్కలు కనబడుట వ్యాధిచిహ్నములు. నాలుగు మిల్లీమీటర్ల వస్తువును కొలుచుటయనిన, చూచువాని చేతి నేర్పే ప్రధానమగునని వేఱుగ చెప్పనక్కఱలేదు. చేరువనున్న రసగ్రంథిని అధివృక్కముగా పొరబడుట కొత్తవారికి సులభము. అందుచేత బృహద్ధమనిని, దాని శాఖలను, క్రింది మహాసిరను గుర్తులుగా పెట్టుకొని వెదకవలెనని ఆ పరిశోధకులు చూపిరి. నేర్పులేని చేతిలో తీసిన మంచి యంత్రపు చిత్రముకన్న, ఫెరెట్టులను పెక్కింటిని చూచిన వైద్యుని మామూలు యంత్రపు చిత్రమే నమ్మదగినది.

కుడియెడమల తేడాకు ఇంత ప్రాధాన్య మెందుకనగా, ఎడమ గ్రంథి క్రొవ్వులో విడిగా నుండును, తొలగించుట సులభము. కుడి గ్రంథి కాలేయపు అంచు క్రింద, క్రింది మహాసిరను అంటుకొని యుండును. దానిని కోయుటయనగా గుండెకు రక్తము చేర్చు ప్రధానసిర గోడమీద కత్తి నడపుట. చిత్రములో వ్యాధి కుడివైపున తేలినచో పెక్కుమంది వైద్యులు కత్తి పట్టుటకు సంకోచింతురు. పట్టువారును తగిన సాధనములతోనే పట్టుదురు. కావున శస్త్రచికిత్స తలపెట్టినవారికి అల్ట్రాసౌండు తప్పనిసరి. అదే తెరమీద ప్లీహమును, కాలేయమును, మూత్రాశయమును, మగదానికి ప్రోస్టేట్ గ్రంథిని చూచుట మఱొక లాభము. ఎక్స్‌రేలో గ్రంథి కనబడుట అరుదు. గుండెను, ఊపిరితిత్తులను చూచుటకే దానిని తీయించవచ్చును.

శస్త్రచికిత్సకు ముందు మఱొక చిన్న పరీక్ష, వ్యాధితో సంబంధము లేకపోయినను, విడువరానిది కలదు. అది రక్తములోని గ్లూకోజు. ఈ వయస్సు ఫెరెట్టులకు క్లోమములో ఇన్సులిను స్రవించు గడ్డలు పుట్టుట అతిసాధారణము. రెండు వ్యాధులును ఒకే జంతువులో నుండుటయు అరుదుగాదు. కొద్ది గంటలు ఆహారము మాన్పించి చూచినపుడు గ్లూకోజు 60 మి.గ్రా. కన్న తక్కువగా నున్నచో ఆ గడ్డను అనుమానింపవలెను. అట్టిదానిని మత్తుకు ముందు రాత్రంతయు పస్తుంచుట ప్రాణాపాయము. మూడు నాలుగు గంటలు చాలును. ఒకే బొట్టుతో తెలియు ఈ సంగతిని వదలి, ఖరీదైన కొలతల వెంట పరుగిడుట తఱచు జరుగు లోపము.

పరీక్షకు కాలవ్యవధియే లేని సందర్భ మొకటి కలదు. మగ ఫెరెట్టులో హెచ్చిన ఆండ్రోజెన్లు ప్రోస్టేట్ గ్రంథిని ఉబ్బించి, దాని చుట్టును తిత్తులు కల్పించును. అవి మూత్రనాళమును నొక్కును. జంతువు మాటిమాటికి మూలకుపోయి ముక్కును, అఱచును, బొట్టు బొట్టుగా మాత్రమే విడుచును, లేదా బొత్తిగ విడువదు. పెంచువారు దీనిని మలబద్ధమని భ్రమించుట కద్దు. ఇట్టి ఫెరెట్టును హార్మోనుల ఫలితము కొఱకు దినములతరబడి నిలుపుట దానిని చంపుటయే. ముందు మూత్రమునకు దారి కల్పింపవలెను. అల్ట్రాసౌండును అప్పుడే చూడవలెను. రక్తములో పొటాసియము, యూరియాలను చూడవలెను. హార్మోనుల ప్రశ్న జంతువు తేఱుకొనిన పిదప వేయదగును.

ఇక చికిత్స మార్గము పరీక్షలను శాసించు తీరును చూడవలెను. డెస్లోరెలిన్ అను మందును బియ్యపుగింజవంటి బిళ్లగా భుజముల నడుమ చర్మము క్రింద నాటుదురు. అది పీయూష గ్రంథినుండి బయలుదేఱు దూతను మూలముననే ఆపును. 2005లో 15 ఫెరెట్టులపై 3 మి.గ్రా. బిళ్లతో జరిగిన పరిశీలనలో వాపు రెండు వారములలో తగ్గి, వెండ్రుకలు నాలుగు మొదలు ఆరు వారములలో మొలచినవి, సగటున 13.7 నెలలకు లక్షణములు తిరిగి వచ్చినవి. అమెరికాలో 2012 నుండి 4.7 మి.గ్రా. బిళ్ల ఫెరెట్టుల కొఱకు ప్రభుత్వపు పట్టికలో చేరినది. ఏ వైపు గ్రంథి ఉబ్బినను ఈ బిళ్ల పనిచేయును. కనుక లక్షణములు స్పష్టముగ నుండి, పెంచువారు బిళ్లకే నిశ్చయించుకొన్నచో, హార్మోనుల కొలత గాని, వైపును తెలిపెడి చిత్రము గాని చికిత్సను మార్చజాలవు. లక్షణములు తగ్గుటయే రోగనిర్ణయమునకు కొంత సాక్ష్యమగును. గ్లూకోజు, ఎఱ్ఱకణములు, మగదానికి మూత్రమార్గము, ఇవి చూచి బిళ్ల నాటించుట న్యాయమే.

కాని ఇందొక మెలిక యున్నది. బిళ్ల హార్మోనులను అణచునే గాని గడ్డను కరగించునను నమ్మకము లేదు. వెండ్రుకలు మొలచి, జంతువు నవనవలాడుచున్నను లోపల గడ్డ పెరుగుచుండవచ్చును. బిళ్ల నాటిన మొదటి రెండు వారములలో హార్మోనులు తాత్కాలికముగ హెచ్చును, పిదప పడిపోవును. ఆ తరువాత కొలిచిన అంకెలకు అర్థము చెప్పుట కష్టము. కావున ధనము, మత్తు రెండింటికిని వీలున్నవారు బిళ్లకు ముందే ఒక పర్యాయము అల్ట్రాసౌండు తీయించి, గ్రంథుల మందమును వ్రాయించి యుంచుకొనుట మంచిది. ఏడాది గడచినపిదప పోల్చుటకు ఆ అంకె పనికివచ్చును. బిళ్లకు ముందు హార్మోనుల కొలతకన్న ఈ చిత్రమునకే ఎక్కువ విలువ ఈయవచ్చును.

తొలగించిన గ్రంథిని సూక్ష్మదర్శినితో చూచి, అది వట్టి పెరుగుదలయో, నిరపాయమైన గడ్డయో, పుట్టకురుపో చెప్పుట చివరి పరీక్ష. ఆ మాట వినగానే పెంచువారు తల్లడిల్లుదురు. అయితే శస్త్రచికిత్స జరిగిన ఫెరెట్టులను గూర్చి 2008లో వెలువడిన పరిశీలనలో, గడ్డ జాతినిబట్టి జంతువు బ్రదికిన కాలము మాఱలేదు. దూరపు అవయవములకు ఈ పుట్టకురుపు ప్రాకుట అరుదు. మిగిలిన రెండవ గ్రంథి కొంతకాలమునకు ఉబ్బుటయే ఎక్కువగ చూడవలసిన భయము. ఏలయనగా పీయూష గ్రంథినుండి వచ్చు దూత శస్త్రచికిత్స తరువాతను వచ్చుచునే యుండును. అందుచేత ఒక గ్రంథి తీసిన పిదపను బిళ్ల నాటు వైద్యులు కలరు.

నెదర్లాండ్సులో కొందఱు వైద్యులు మొదటి శస్త్రచికిత్సనే మాని, పడుచు ఫెరెట్టులకు అదే డెస్లోరెలిన్ బిళ్లను నాటుచున్నారు. ఎదయు వాసనయు తగ్గును, దూత పెరుగదు. ఐరోపాలో 9.4 మి.గ్రా. బిళ్లకు మగ ఫెరెట్టుల విషయమున అనుమతి కలదు. అట్లు పెరిగిన ఫెరెట్టు తోక బోడియైనపుడు వైద్యుడు ముందుగ అడుగవలసినది హార్మోనుల అంకె గాదు. కడపటి బిళ్ల నాటిన తేదీ.